పాత వెర్షన్

నల్లగొండల మా క్లస్టర్ గదికి
రెండు ఏసీలు, ఒక జనరేటరు, నేనొక్కదాన్ని.
పానగల్లు దిక్కు కిటికీ ఉన్నది, తెరువం. దుమ్ము.
లోపట నలభై యంత్రాలు
నీళ్ళందని మోటర్ల లెక్క హోరుమంటయి.

రాత్రి పదకొండింటికి మోతీలాల్ ఫోను:
"అక్కా, నిన్నటిదాంక మంచిగనే నడిచింది,
ఇయ్యాల నా పైథాన్ నన్ను గుర్తువడ్తలేదు."
చూస్తే ఏమున్నది,
సఫియా తన పనికని కొత్త లైబ్రరీ
అందరి ఫోల్డర్ల ఎక్కించింది.
ఒక్కామె ఉప్పేస్తే
పదకొండు మంది కూర చెడ్డది.

మా నాయిన మిర్యాలగూడల టెంట్ హౌజ్ నడిపిండు.
గంగాళాల మీద పేరు కొట్టిచ్చి
పెండ్లయినంక గంటెలు లెక్కవెట్టి తీస్కునేటోడు.
"సామాను అందరిది,
ఎంగిలి ఎవ్వరిది వాళ్ళే కడగాలె" అనేటోడు.
గదే చెప్పిన సఫియాకు, మా భాషల:
నీ ఎన్విరాన్‌మెంట్ నీ ఇంట్ల కట్టుకో,
మాడ్యూల్‌ను పేరువెట్టి పిలువు, వెర్షన్ నంబరుతోని,
పనైనంక దింపెయ్.
ఆ పిల్ల నోట్‌బుక్కుల రాస్కున్నది
కింద రెండు గీతలు గీసి.

అందరివి మళ్ళ లేపి కూసుండేసరికి మూడయింది.
డిస్కు తొంబైయారు శాతం, ఎర్రగీత.
పాత కంపైలర్ ఒకటున్నది, తొమ్మిదేండ్లది.
ఎవరు వాడుతరు దీన్ని?
తీసేసే కమాండ్ కొట్టి, ఎంటర్ మీద వేలువెట్టి
ఎందుకో లాగ్ తెరిచిన.

నెలకొక్కసారి. ఒకటో తారీఖు, తెల్లారుజామున.
ఏడు నిమిషాలు.
కుర్మయ్య సార్. జియాలజీ. రిటైరై నాలుగేండ్లు.
మర్రిగూడ దిక్కు బోర్ల ఫ్లోరైడు లెక్క.
పొద్దున ఫోన్ చేస్తే నవ్విండు:
"కొత్తదాంట్ల కూడ పెట్టి చూసిన బిడ్డా,
మూడో దశాంశం మారుతున్నది.
గంతే. కాని ఒకటిన్నర గీత మీద
ఒక బోరున్నది. బడి పక్కన.
దానికి గంతే చాలు."

ఫోన్ పెట్టక ముందే
కొట్టిన కమాండ్ ఒక్కొక్క అక్షరం చెరిపిన.
నా ఖాతా తెరిస్తే
ట్రయల్, ట్రయల్ రెండు, అసలు ట్రయల్,
పోయిన ఎండకాలంవి, నలభై జీబీ.
నాయిన ఉంటే ముందు నా గంటెలే లెక్కవెట్టేటోడు.

తొంబైమూడుకు దిగింది.
ఎర్రగీత పోలే, జర పసుపువడ్డది.
ఒకటో తారీఖు ఎల్లుండి.