ఆరో ప్రశ్న

మూడేండ్ల కింద ఈ ఊళ్లె నా రిజిస్టర్ల
డెబ్బై రెండు పేర్లుండె.
పోయినేడు నలభై.
ఈయేడు పద్నాలుగు.
చండూరు మీటింగుల సారు గ్రాఫు జూపి
చప్పట్లు కొట్టిచ్చిండు.

గీత కిందికి దిగుతున్నది, నిజమే.
కొందరు మానిండ్రు.
కొందరు గుట్కాకు మారిండ్రు, అది ఇంకో ఫారం.
ఐదుగురు పోయిండ్రు,
వాళ్లు గూడ తగ్గినోళ్ల లెక్కలనే.

మిగిలిన పద్నాలుగు మంది
మాడిన గంజి లెక్క అడుగుకు పట్టిండ్రు.
గీకితే గిన్నె సప్పుడు తప్ప ఏం రాదు.

పంచర్ దుకాణం దస్తగిరి: రోజుకు రెండు కట్టలు.
బోరుబండి మీద కూలికి పోయే లచ్చిరాం:
"మూడు. రాత్రి బోరు ఫెయిలైతే నాలుగు."
ఈదమ్మ నోట్లెకెళ్లి చుట్ట తియ్యకుంటనే
నాకు కుర్చీ జూపింది.

మొదటి ప్రశ్న.
నిద్ర లేచినంక ఎన్ని నిమిషాలకు తాగుతరు?
ముత్యాలు నవ్విండు.
"లేసి తాగుడేంది బిడ్డా,
తాగెతందుకే లేస్త."
ఐదు నిమిషాల లోపు. టిక్కు.

ముత్యాలుకు మెడ తిరగది.
నన్ను సూడాలంటే మనిషి మొత్తం తిరగాలె,
ఇరుకు సందుల ట్రాక్టరు మలిపినట్టు.
చిన్నప్పటి బోరు నీళ్లు
ఎముకలల్ల సున్నమై కూసున్నయి.

మానే ఆలోచన ఉన్నదా?
నెలలోపా, ఆరు నెలల్లోపా, లేదా?

"ఆ నీళ్లు తాగొద్దని
అప్పుడెవలన్న ఫారం వట్టుకొని వచ్చిండ్రా?
అవి నన్నడగకుంట వంచినయి.
ఇది నేను పైసలు వెట్టి కొనుక్కున్నది."

నేను చెప్పాల్సినయి చెప్పిన.
గుండె, ఊపిరితిత్తులు, బొమ్మల కార్డు.
కార్డు పెండ్లానికిచ్చిండు.
రామనర్సమ్మ దాంతోటి ఈగల్ని తోలింది.

ఆరో ప్రశ్న.
జరమొచ్చి మంచంల వడ్డ దినం గూడ తాగుతరా?
ముత్యాలు మాట్లాడలే.
ఆమెనే అన్నది:
"పోయిన శ్రావణంల పదిదినాలు లేవలే.
నేనే అంటిచ్చి నోట్లె వెట్టిన.
దగ్గొస్తే తీసి పట్టుకున్న,
దగ్గు ఆగినంక మల్ల వెట్టిన.
ఏం జెయ్యాలె?
ఆ సూపులు సూసుకుంట కూసోవాల్నా?"

ఫారంల అవును, కాదు, రెండే గడులు.
ఆమె ఏ గడిల పట్టలే.
అవును కాడ టిక్కు వెట్టి,
పెన్ను మూత సానా సేపు తిప్పుకుంట కూసున్న.

నేను లేస్తుంటే
ముత్యాలు అగ్గిపెట్టె నా దిక్కు జరిపిండు.
వేళ్లు వంగయి. పుల్ల గియ్యరాదు.
రామనర్సమ్మ బర్రెకు నీళ్లు వెట్టపోయింది.
నా మెడల ఆరోగ్యశాఖ బిళ్ల.

మొదటి పుల్ల గాలికి ఆరింది.
రెండోదానికి
అరచెయ్యి అడ్డం వెట్టిన.

ఇంకా పది పేర్లున్నయి.
పక్కింటి ముందట చెప్పులిడిసేటప్పుడు
నా వేళ్లు నేనే వాసన జూసుకున్న.