ఎర్ర గీత

సిరిపురంలో మూడో అంతస్తు.
ఏసీ చప్పుడు, ఐదు ఫోన్లు, ఐదు టీలు.
రూలు ఒక్కటే: చూసేవాళ్లు నోరు మెదపకూడదు.
వేలు తప్పు బొత్తాం మీద పడ్డా
"అది కాదండీ" అనకూడదు.

తెలుగు నేర్చుకునేవాళ్లు నలుగురు.
వాళ్లని మాట్లాడించడానికి
పెద జాలరిపేట నుంచి నూకరత్నం.
పొద్దున్నే వంజరాలు అమ్మేసి
చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని వచ్చింది,
గంటకెంతో రెండుసార్లు అడిగి మరీ కూర్చుంది.

ఈ గ్రూప్ చాట్ నాలుగు నెలలు గీశాను.
ఎవరి మాట ఏ రంగు బుడగలో రావాలి,
తప్పు రాస్తే కింద ఎర్ర గీత ఎంత మందం ఉండాలి...
ఒక్క మందం మీదే మూడు మీటింగులు.

పది నిమిషాలు ఎవరూ ఏమీ అనలేదు.
గాజువాక వెల్డర్ బనమాలి సాహు
టైప్ చేస్తున్నారు
టైప్ చేస్తున్నారు
ఆగిపోయారు.
మళ్లీ మూడు చుక్కలు,
బెర్తు దొరక్క దూరాన లంగరేసుకున్న ఓడల్లా.
చివరికి ఒడ్డు చేరింది ఒక్క "సరే".
దేనికి సరే? ఎవరేమడిగారని?

నేవీ క్వార్టర్స్ సునీతి నేగి
వాక్యం రాసింది, గీత పడగానే చెరిపేసి
బొటనవేలి బొమ్మ పంపింది.
మిగతా ఇద్దరూ అంతే.
నాలుగు నెలల పనికి దక్షిణగా
మూడు బొటనవేళ్లు.

అప్పుడు నూకరత్నం రాసింది.
రాసిందంటే, చూపుడువేలితో ఒక్కో అక్షరాన్నీ పొడిచి పొడిచి:
"ఏటి ఎవులూ మాటాడరేటి"

మూడు మాటలు. మూడింటి కిందా గీత.
పక్కన నేనే రాసిన సూచన, ఎంతో మర్యాదగా:
'మీరు "ఏమిటి" అనబోయారా?'

ఫోన్ దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.
"నానేటి అనబోయేనో దీనికేటి తెలుసు?"
తలెత్తి నన్నడిగింది:
"ఏటి తప్పమ్మా?"

నోరు మెదపకూడదు.

నాది భీమిలి.
ఎనిమిదో క్లాసు దాకా నాకూ అన్నీ ఏటే.
కొత్త స్కూల్లో నవ్వారు.
ఒక వేసవంతా అద్దం ముందు నిలబడి
ఏమిటి, ఏమిటి, ఏమిటి.
గీత ఎంత మందం ఉండాలో
మీటింగులో అందరికంటే గట్టిగా ఎందుకు వాదించానో...

"ఏటీ తప్పు లేదు" అన్నాను.
ఎన్నేళ్లకో. నాలుక కాస్త తడబడింది.

బనమాలి అన్నాడు, మాటమాటకీ ఆగుతూ:
"మా మేస్త్రీ ఇదే అంటాడు. రోజంతా. ఏటి, ఏటి.
యాప్‌లో వెతికాను. లేదు."

ఆ పూట టెస్టు చెల్లదంది మృదుల,
చూసేవాళ్లు మాట్లాడారు కనక.
రిపోర్టులో ఒప్పుకున్నాను.
గీత ఇంకా తీయలేదు, మంగళవారం మీటింగుంది.

గ్రూపు మూయడం మాత్రం అందరం మరిచిపోయాం.
రాత్రి పదకొండుకి ఫోన్ మోగింది.
నూకరత్నం గొంతు, వెనక గాలి, ఎవరిదో దగ్గు:
"రేపు కానాగంతలొత్తాయి.
ఎవులికి కావాలో ఇప్పుడే సెప్పండి."

బనమాలి పేరు పక్కన
మూడు చుక్కలు.