ఇరవై తెత్రీలు

నర్సు చేతిలో కాగితం అడుగుతోంది:
గడిచిన వారంలో ఆయాసం ఎంత?
ఒకటి నుంచి నాలుగులోపు చెప్పండి.

లిఫ్టెక్కిన రోజా, ఎక్కని రోజా?

త్బిలిసీలో మా ఎనిమిదంతస్తుల ఇంట్లో
డబ్బాలో ఇరవై తెత్రీలు పడితేగానీ
లిఫ్టు కదలదు.
ఊపిరితిత్తిలో గడ్డకి మందెక్కించాక
వచ్చే వాంతులకి ఓర్చుకుంటాను,
రాత్రి దగ్గుకి ఇంకో దిండు వేసుకుంటాను.
మంగళవారం జేబులో చిల్లర లేదు.
నాలుగో అంతస్తు మలుపులో కూలబడ్డాను.
ఎవరింట్లోనో వెల్లుల్లి వేగుతోంది.
వాసన తెలిసింది!
నెల్లాళ్ల తర్వాత.

మర్నాటి నుంచి డబ్బా మీద ఒక అగ్గిపెట్టె,
లోపల నాణేలు.
ఆరో అంతస్తు జూజూనా పనే.
అడిగితే
"నాకేం తెలుసు గురామ్, పొయ్యి మీద కూరుంది" అని
తలుపేసుకుంది.

రెండు అని రాసుకో, నర్సమ్మా.
అగ్గిపెట్టెలో ఇంకా మూడున్నాయి.