చెప్పిన తేదీ

మార్చి. బోహిన్ లోయలో మంచు ఇంకా ఇళ్ళ కప్పుల మీదే ఉంది.
తేనె సహకార సంఘం మేడమీద, మైనం వాసన గదిలో
నాకొక బల్ల, ఒక హీటరు, నలభై ఏళ్ళ చిట్టాలు అప్పగించి
"వీటిని కంప్యూటర్లో పెట్టు" అన్నాడు కార్యదర్శి బోగోమిర్,
పిండి తీసి ఇంకో డబ్బాలో పొయ్యమన్నంత తేలిగ్గా.

మొదటి వారమంతా బారసాలే.
పెంపకందారు. పెట్టె. రాణి. కోత.
ఒక పెంపకందారుకి అనేక పెట్టెలు,
ప్రతి పెట్టెకీ ఒక పెంపకందారు.
ఇంత చెబితే అంత అల్లుకుపోతుంది ఫ్రేమ్‌వర్క్:
టేబుళ్ళు తనే కడుతుంది, వాటి మధ్య తాళ్ళు తనే వేస్తుంది,
ఏకవచనం ఇస్తే బహువచనం తనే చేసుకుంటుంది.
ద్వివచనం మాత్రం దానికి రాదు.

మా స్లొవీన్‌లో ఇద్దరికి వేరే మాటుంది,
ఇద్దరు చేసే పనికి వేరే క్రియ.
లోవ్రెంత్స్, ఆంకా తమ పదిహేడు పెట్టెల గురించి
ఆ వచనంలోనే మాట్లాడేవారు.
నేను పెంపకందారు గడిలో ఒక్క పేరే పట్టేలా కట్టాను.
అప్పుడది తప్పని తోచలేదు.

ఓ మధ్యాహ్నం బోగోమిర్‌కి అర్థమయ్యేలా చెప్పాల్సొచ్చింది.
"పెట్టె ముందు పలక మీద బొమ్మలు వేస్తారు కదా,
వదరుబోతు ఆడదాని నాలుకకి సైతాను సానపట్టడం లాంటివి,
అది వ్యూ. వచ్చినవాళ్ళు చూసేది.
లోపల చీకట్లో పట్టు, నిండిన గదులు, నిండనివి, అది మోడల్."
"మరి కంట్రోలర్?"
"గుమ్మంలో వాసన చూసి లోపలికి వదిలే కావలి ఈగలు."
"అవి కుడతాయి."
"ఇదీ కుడుతుంది. అడ్రసు తప్పు కొట్టి చూడు."

పోలిక అంతవరకే.
నా పనిలో తేనె ఎక్కడా లేదు.
ఒక ఫారమ్, ఒక సేవ్ బటన్,
గడి ఖాళీగా వదిలితే ఎర్ర అక్షరాలు.

జూన్‌లో, లిండెన్ చెట్లు పూత మీద ఉండగా, లోవ్రెంత్స్ పోయాడు.
మూడో రోజు బోగోమిర్ ఆయన పేరు తెరిచి
'తొలగించు' నొక్కాడు.
డేటాబేస్ ఒప్పుకోలేదు.
ఈ వరసని పట్టుకుని ఇంకా పదిహేడు వరసలున్నాయంది.

నా ముందు రెండు దారులు, రెండూ ఒక్కో పదం దూరంలో.
ఒకటి: యజమానితో పాటు పెట్టెలన్నీ పోతాయి.
రెండోది: పెట్టెలుంటాయి, ఎవరివో తెలియకుండా.
రెండోదాని మీద వేలు పెట్టాను.

"ఆగు. వాటికి చెప్పారో లేదో?"
వేటికి?
ఇక్కడ యజమాని పోతే ఇంట్లోవాళ్ళు వెళ్ళి
ఒక్కో పెట్టె తట్టి, పేరు పెట్టి, పోయాడని చెప్తారట.
చెప్పకపోతే అవీ పోతాయట.
నేను ల్యుబ్లియానాలో పెరిగినదాన్ని, ఈ సంగతి వినలేదు.
కానీ మా భాషలో ఆవు చస్తుంది, కుక్క చస్తుంది,
తేనెటీగ మాత్రం మనిషిలాగే కన్నుమూస్తుంది.
ఇది బళ్ళోనే నేర్చుకున్నాను. టేబుల్ కట్టేటప్పుడు గుర్తు రాలేదు.

ఆ రాత్రి మైగ్రేషన్ రాశాను.
'తొలగించు' బటన్ తీసేశాను.
పెట్టెకి ఇద్దరు యజమానులు ఉండొచ్చన్నాను.
పెంపకందారుకి ఒక కాలమ్: పోయిన తేదీ.
పెట్టెకి ఒకటి: చెప్పిన తేదీ.
అలవాటు కొద్దీ ఒక నియమం కూడా:
యజమాని పోయుంటే ఈ గడి ఖాళీ ఉండకూడదు.

పొద్దున్నే ఆంకాకి ఫోన్ చేశాను.
ఒకటో పెట్టె, ఆ రాత్రే. రెండోది, ఆ రాత్రే.
నేను టైపు చేస్తున్నాను, ఆవిడ వెనక కుళాయి కారుతోంది.
పదహారు.
పదిహేడోది? సైతాను బొమ్మది?

"ఆ బొమ్మ ఆయనే వేశాడు, నన్నుడికించడానికి.
తట్టాను. నోరు తెరిస్తే 'మేమిద్దరం' అనే వచ్చింది.
ఇంట్లోకి వచ్చేశాను.
దానికి రేపు చెప్తాలే."

సేవ్ నొక్కాను. ఎర్ర అక్షరాలు.
నేను రాసినవే.

ఫైలు తెరిచి ఆ ఒక్క లైను కొట్టేశాను.
సర్వర్ పడుకుని మళ్ళీ లేచింది.
పదహారు తేదీలు, వాటి కింద ఒక ఖాళీ.
పేజీ దాన్ని అలాగే చూపించింది,
ఏమీ అడక్కుండా.