వల అంచు

పడవలు ఇంకా రాలేదండి.
తెల్లారగట్ల మూడున్నర, అంతర్వేది పల్లిపాలెం రేవు.
ఐసు ఫ్యాక్టరీ గుమస్తా బల్ల మీద టీవీ,
దాని ముందు బోర్లించిన గంపల మీద
మేం పదకొండు మందిమి.
రోజూ ఈ వేళకి పాటు తిరిగిందా లేదా అని
ఏటి వంక చూస్తాం.
ఇవాళ చిలీ వంక చూస్తన్నాం.
అక్కడింకా సాయంత్రమేనంట.

గడ్డి పచ్చగా ఉంటదనుకున్నాను.
నీలంగా ఉంది. ఆటకి ముందు నీళ్ళు కూడా చల్లారు.
"ఏటి మీదే ఆడతన్నారే!" అంది దేవుళ్ళమ్మ.

అటుపక్క హాలెండు వాళ్ళు, నారింజ చొక్కాలు.
ఒక్కొక్కతీ సరుగుడు మానంత.
వాళ్ళ ఊళ్ళు సముద్రానికి దిగువనంట,
గట్లు పోసుకుని బతుకుతారంట, గుమస్తా చెప్పాడు.
అయితే వాళ్ళయ్యీ లంకలే గదా అన్నాను.
ఉప్పునీరు ఎంత దూరం ఎక్కొస్తదో
ఎరిగినోళ్ళే.

మన గోలు ముందు
పెమ్మాడి వీరమంగ.
జల్లెడలాంటి ముసుగు, కాళ్ళకి పరుపులు కట్టినట్టు.
మొహం కనపడదు. ఎందుకు కనపడాలి,
ఆ నిలబడ్డం చాలదా.
తెరచాప తాడు పట్టినోడు మోకాళ్ళు కాస్త వంచి
గాలికి ముందే సిద్ధమవుతాడే,
అలాగ.
వీపు మీద ఇంగ్లీషులో పెమ్మాడి అని ఉందంట.
ఆ ఇంటిపేరు ఇన్నాళ్ళూ
ఇదే బల్ల మీద, అప్పు పుస్తకంలోనే
చదివారు మాకు.

దానికి మొదటి కర్ర కొబ్బరి మట్ట.
మొదట్లో వంపు ఉంటది చూడండి, అది చెక్కుకుంది.
బంతంటే రాలిన పిందె.
డ్రిల్లు మేస్టారు గోలుకి వల కావాలని వస్తే
చిరిగిన రొయ్యల వల ఇచ్చాను.
అలాగే ఇచ్చెయ్యలేదు, రెండ్రోజులు కూచుని
కన్నూ కన్నూ అల్లి ఇచ్చాను.
నూలు అందిస్తా అడిగింది ఏడేళ్ళది:
"పడాలనే గదత్తా వల?
మరి ఇందులో పడకూడదంటాడేంటి మేస్టారు?"
నాకేం తెలుసు.
పడకుండా చూసుకో మరి, అన్నాను.

చూసుకుంది పద్నాలుగేళ్ళు.

ఆట రెండూ రెండూ.
ఇప్పుడు ఒక్కొక్కతే వస్తది, మంగ ఒక్కతే ఆపాలి,
ఎనిమిది సెకన్లు.
"ఎనిమిదంటే ఎంతే?"
"కెరటం లేచి విరిగేంత."

ఒకతి కుడికి తిప్పింది. మంగ తిరగలేదు,
పడుకుని అడ్డం పడింది. బంతి పోలేదు.
ఒకతి కొట్టేసింది.
మావోళ్ళు రెండేశారు, ఒకటి బయటికి పోయింది.
టీవీవోడు "పెమడీ, పెమడీ" అంటన్నాడు.
"మ కింద మ పెట్టరా సచ్చినోడా!"
దేవుళ్ళమ్మ తిట్టింది టీవీని.
ఇంకోటి ఆపింది మంగ, కాలి బొటనవేలితో.
బెంచీ మీద గుమస్తా లేచి నిలబడ్డాడు.

ఆఖర్న వచ్చింది పొట్టిది, బిగించిన జడ.
ఏడో సెకను దాకా ఏమీ చెయ్యలేదు.
అప్పుడు వీపు చూపించి,
కర్ర తిరగేసి,
మంగ కాళ్ళ సందులోంచి.

వల ఊగింది.

అక్కడ నారింజ గుట్ట పడి అరుస్తన్నారు.
ఇక్కడ ఐసు మిషను ఒకటే నలుగుతాంది.
గుమస్తా కట్టెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను, ఉండండి బాబూ.

మంగ ముసుగు తీసింది. చెమట, అంతే.
వంగి కర్రతో బంతిని బయటికి లాగింది.
ఆ దెబ్బకి కింద వల అంచు కొక్కెం నుంచి ఊడుంది.
మోకాలి మీద కూచుని, చేతి తొడుగు తీసి,
రెండు వేళ్ళతో కన్ను వెతికి
తగిలించింది.
లాగి చూసుకుంది.
అప్పుడు లేచింది.

కెమెరా అప్పటికే అటు తిరుగుతాంది.
ఎవరు చూశారో తెలీదు.
నేను చూశాను.

బోటు హారను. గంపలన్నీ ఒక్కసారే లేచాయి.
రేవులో పాట మొదలయ్యింది,
పండుగప్ప గంప పదిహేనొందలు, పదహారు,
నాకు చెవికెక్కట్లేదు.
"ఏమే, పాడవా?" దేవుళ్ళమ్మ గిల్లింది.

పాడాను.
కాస్త ఎక్కువకే.