మార్చి పద్నాలుగు, సాయంత్రం ఐదు లోపు

రెండో ఏడు పిల్లలంతా ఇవాళే
ఒక్క మాట రాసి
నా కిటికీలోంచి లోపలికి తొయ్యాలి.
"ప్రధాన విషయం" అని అచ్చువేసి ఉంటుంది, ఎదురుగా
అగ్గిపెట్టెంత గడి.
అందులో పట్టాలి పిల్లలు.

ఇరవై ఆరేళ్లు ఈ బల్ల వెనక.
మేన్ తీరంలో, చేపల వాసనకీ చర్చి గంటకీ మధ్య
ఆరువందలమంది కాలేజీ మాది.
తత్వశాస్త్రం గది కారుతుంది. బకెట్టు పెట్టారు.
బకెట్టు నిజంగా ఉందా అని గంటసేపు వాదించుకుని
నిండాక ఎవరో ఒకరు పారబోస్తారు.

నేనేదీ చదవలేదు ఇక్కడ.
కానీ పట్టికలు టైపు చేసేది నేనే గనక
ఖగోళం పక్కన కుమ్మరి పని,
అరబ్బీ పక్కన నాటకం,
మంగళవారం పదింటికి ఏది దేన్ని ఢీకొంటుందో
నాకు తెలిసినంత దేవుడికి తెలీదు.

పొద్దున ఒహాయో నుంచి ఓ తండ్రి ఫోను:
"చరిత్ర చదివితే మావాడు ఏమవుతాడమ్మా?"
"ముసలివాడవుతాడండీ, అందరిలాగే," అనేశాను.
ఆయన నవ్వలేదు.
కోటి విద్యలూ కూటి కొరకేనని ఆయన బెంగ. తప్పేం లేదు.
ఫీజు అంకెలు కూడా నేనే టైపు చేస్తాను.

నాలుగూ నలభైకి మారెన్ థిబడో వచ్చింది.
బూట్ల నిండా మంచు, కోటుకి పాత ఎర వాసన.
కాగితం మీద
భూగర్భశాస్త్రం, కొట్టేసి ఉంది.
నాట్యం, కొట్టేసి, కింద చుక్కలు పెట్టి బతికించి, మళ్ళీ కొట్టేసి ఉంది.
ప్రాచీన గ్రీకు.
దాన్ని కొట్టలేదు. పక్కనే నలుసంత అక్షరాల్లో
మళ్ళీ భూగర్భశాస్త్రం.

"గడి ఒకటే అమ్మాయ్," అన్నాను.
"రెండు కావాలంటే డీన్ సంతకం ఉండాలి.
డీన్ పన్ను పీకించుకోడానికి వెళ్లాడు."

కాసేపు నీళ్లు నమిలింది.
జేబులోంచి ఓ రాయి తీసి బల్ల మీద పెట్టింది,
రాయి గురించి కాక గ్రీకు గురించి చెప్పింది:
చేసే క్రియ ఒకటి, చేయించుకునే క్రియ ఒకటి,
రెంటి నడుమ మరోటుందట.
తనకోసం తను చేసుకునేది, చేస్తూ చేస్తూ తనే మారిపోయేది.
"అది తెలిశాక, మిస్ పెల్కీ, మూడు రాత్రులు నిద్ర లేదు నాకు."

నిద్ర పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను.
క్రియ కోసం పోగొట్టుకున్నది ఈమె ఒక్కతే.

అయినా పెద్దదాన్ని గదా, అలవాటు కొద్దీ అన్నాను,
రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతావని.

పకపకా నవ్వింది.
"మా నాన్న రోజూ పెడతాడు.
ఒడ్డు నుంచి చిన్న పడవ, దాన్నుంచి పెద్ద పడవ.
ఒక కాలు దీంట్లో, ఒక కాలు దాంట్లో, కింద నల్లటి నీళ్లు.
ఆ ఒక్క అడుగూ వెయ్యకపోతే
వేటే లేదు మాకు."

గడియారం నాలుగూ యాభై ఎనిమిది.
నల్ల సిరాతో మాత్రమే రాయాలని నిబంధన.
సొరుగు లాగి
చివర రబ్బరున్న పెన్సిలు ఇచ్చాను.
ఏం రాసిందో చెప్పను, బయటికి చెప్పకూడదు.
జెరాక్సు తీస్తే
పెన్సిలూ నల్లగానే పడుతుంది.

రాయి మర్చిపోయి వెళ్లింది.
బూడిద రంగు మీద తెల్ల చార.
కళ్లు మూసుకుని వేలితో తడిమితే
ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలైందో తెలియడం లేదు.
దీపం ఆర్పేశాక కూడా కోటు వేసుకోకుండా నిలబడ్డాను.

రాళ్లకి పరిచయ పాఠం, గురువారం పన్నెండింటికి.
ఆ గంట నాకు భోజన విరామం.
పట్టిక తీసి చూడక్కర్లేదు.