మునగని గుడ్డు

బడి వంటశాలలో ఈరోజు
మూడు వందల పన్నెండు పళ్ళేలు.
మిగిలిన శనగల సూపు పదకొండు లీటర్లు
నా చేత్తోనే నల్ల సంచిలోకి ఒంపాను.
ఇంటికి తీసుకెళ్ళకూడదు, ఎవరికీ పెట్టకూడదు.
గోడ మీద కాగితం ఉంది,
కింద ఫెలిజ్మీనా అని సంతకం నాదే.
సంచి మూతి ముడేస్తుంటే
అరచేతికి ఇంకా వెచ్చగా తగిలింది.

అందుకే కాబోలు,
ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు
నా గొంతులో కొంచెం దబాయింపు ఉంటుంది.
రండి, ఒక్కొక్కరే బయటికి రండి.
సగం ఉల్లిపాయా, కోసిన మొహం అట్టకట్టిందేం?
పైపొర తీసేస్తే చాలు,
నువ్వింకా మనిషిని ఏడిపించగలవు.
వెల్లుల్లీ, పచ్చటి నాలుక బయటపెట్టి
ఎవర్ని వెక్కిరిస్తున్నావు?
గ్లాసు నీళ్ళలో కొత్తిమీర,
ఆకులు సగం పండిపోయినా
కాడలకు మాత్రం పొగరు దిగలేదు.

రొట్టె ఆదివారంది.
ఈ అలెంతేజు నేల మీద
ఒక్క మనిషి కోసం రొట్టె కాల్చడం ఎవరికీ చేతకాదు.
కిలో కంటే తక్కువ అడిగితే
"ఒంట్లో బాగాలేదా?" అంటాడు కొట్టతను.
గురువారానికి దాంతో
గోడకి మేకు కొట్టొచ్చు.

గుడ్డు ఒక్కటే ఉంది.
అట్టపెట్టె మీద తేదీ నిన్నటితో చెల్లిపోయింది.
గిన్నెడు నీళ్ళలో వేసి చూశాను:
మునిగితే నాకు, తేలితే చెత్తబుట్టకి.
అది మునగలేదు, తేలలేదు.
సన్నటి మొన మీద నిటారుగా నిలబడింది,
యాభై ఎనిమిదేళ్ళ నాలాగే,
ఏ సంగతీ తేల్చకుండా.
సరే, నిలబడ్డదాన్ని
పారేసే అలవాటు ఈ ఇంట్లో లేదు.

రోట్లో వెల్లుల్లి, ఉప్పు, కొత్తిమీర.
మూడు దెబ్బలకే వాసన మెట్లెక్కింది.
పైవాటాలోంచి ఎవరిష్టు అరిచాడు, "అసోర్డా!"
తినడానికి రాడు, ఎన్నిసార్లు పిలిచినా.
పేరు పెట్టడంతోనే అతని ఆకలి తీరుతుంది.

అమ్మమ్మ గోధుమ కోతల కూలి.
ఇదే రొట్టె, ఇవే వేడి నీళ్ళు.
గుడ్డు మాత్రం ఉప్పు కోసం అంగడికి పోయేది.
నీళ్ళ మీద తేలే నూనె కళ్ళు లెక్కపెట్టి
పిల్లకి నాలుగు, తనకి రెండు అని పంచేది.
ఇప్పుడదే గిన్నె చౌరస్తా హోటల్లో
పద్నాలుగు యూరోలు.
వింటే ఆవిడ నవ్వేదో,
చీపురు తీసుకునేదో.

మరిగే నీళ్ళలోకి గుడ్డు కొట్టాను.
సొన చెదురుతుందేమో అని చూశాను.
చెదరలేదు.
తనని తాను ఓ తెల్లటి గుడ్డలో మూట కట్టుకుంది.
ఉల్లిపాయ వేయించి పైన చల్లాను.
అసలు అసోర్డాలో ఉల్లిపాయ పడదు;
ఆ మాట ఎవరిష్టుకి చెప్పకండి.

నిలబడి తినలేదు.
కుర్చీ లాక్కుని, రేడియో కట్టేసి,
నూనె కళ్ళు లెక్కపెట్టబోయాను.
లెక్కకి అందనన్ని.
పచ్చసొన పగిలి రొట్టెలోకి ఇంకుతుంటే
కాసేపు ఏదీ గుర్తు రాలేదు.

అడుగున మిగిలింది వేలితో తీసి నాకాను.
గిన్నె కడిగినా కడగకపోయినా ఒకటే.
అప్పుడు గుర్తొచ్చింది:
బడి వెనక గోడ దగ్గర
ఆ సంచి ఈపాటికి చల్లారిపోయుంటుంది.